పడేశాడా, విసిరికొట్టాడా

ఎడ్గార్ క్యూబిట్ ప్రాణం పోయేటప్పుడు అతని పక్కన ఉన్నది కెజయా డాక్. బతికుండగా ఆ మనిషి పొడ ఆమెకు గిట్టేది కాదు. అయినా ఆ పొద్దున, మంచుకు రాయిలా బిగుసుకుపోయిన దుంపల పొలంలో మోకాళ్ళ మీద కూలబడి, నడుముకు కట్టుకున్న గోనెపట్టాను ఊడబెరికి అతని తొడకు అదిమిపట్టింది. "కళ్ళు మూయకు ఎడ్గార్. ఇటు, నన్ను చూడు" అంటూనే ఉంది. గోనె తడిసింది. దాని మీది చేతులు తడిశాయి. అతను ఒక్కసారి "చలేస్తోంది" అన్నాడు. బండి మీదికి ఎక్కించి రోడ్డు దాకా తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

అది పంతొమ్మిది వందల ముప్ఫై నాలుగు నవంబరు. నార్ఫోక్ తూర్పు కొసన, సముద్రపు గాలికి చెట్లన్నీ ఒకే పక్కకు ఒరిగిపోయి ఉండే మార్ల్‌బీ ఊరు. కెజయాకి నలభై ఏడు. మొగుడు చేపల పడవతో పాటే పోయి పదకొండేళ్ళయింది. అప్పటి నుంచీ చలికాలమంతా చక్కెర దుంపల పనే ఆమెకు దిక్కు. దుంపలు పీకడం, రెండేసి చేతబట్టి ఒకదానికొకటి కొట్టి మట్టి రాల్చడం, దుంపల కత్తితో పైన ఆకు నరికి కుప్పవెయ్యడం. ఆ కత్తికి పొట్టి పిడి, వెడల్పాటి రేకు ఉంటాయి. మరీ కిందికి వంగకుండా దుంపను ఎత్తుకోవడానికి కొసన గద్దముక్కులాంటి కొక్కెం ఉంటుంది. క్యూబిట్ తొడలో దిగింది ఆ కొక్కెమే.

కత్తి రూబెన్ గాట్స్‌ది.

రూబెన్‌కి ముప్ఫై ఏళ్ళు. కెజయాకి రెండు చాళ్ళ అవతల పనిచేసేవాడు. నోరు ఊరుకోదు. చేతులు చలికి చిట్లి నెత్తురు కారుతున్నా సరే, ఎవర్నో ఒకర్ని ఆటపట్టించాల్సిందే. ఆ రోజు కూడా పొద్దున్నే మొదలుపెట్టాడు.

"కెజీ, నీ రొట్టెలో జున్ను ఉందా, జున్ను చుట్టిన కాగితం ఉందా?"

"నీ మొహానికి కాగితం చాల్లే."

"థర్జా అయితే ఇవాళ పంది కొవ్వు పెట్టింది. తనకు వాసన పడట్లేదట. ఇంకో నాలుగు నెలలు ఇలాగే వాసన పడకపోతే నేను దున్నపోతులా తయారవుతాను."

థర్జా అతని భార్య. ఐదో నెల. ఆరేళ్ళు ఎదురుచూసిన కడుపు.

తొమ్మిది దాటాక మేస్త్రీ క్యూబిట్ వచ్చాడు. చాళ్ళ మధ్య నడుచుకుంటూ వచ్చి దుంపల బండి దగ్గర నిలబడ్డాడు. చేతులు జేబుల్లోంచి తియ్యకుండానే అన్నాడు:

"గాట్స్, నీ ఇల్లు కావాలి. గుర్రాలు చూసుకోవడానికి కొత్తవాడు వస్తున్నాడు. క్రిస్మస్ లోపల ఖాళీ చెయ్యాలి. అయ్యగారి మాట."

ఆ ఊళ్ళో కూలివాళ్ళ ఇళ్ళన్నీ పొలం యజమానివే. పని ఉంటేనే ఇల్లు. రూబెన్ లేచి నిలబడ్డాడు.

"పని మాన్పించారా నన్ను?"

"పని మార్చి దాకా ఉంది. ఇల్లే లేదు."

"థర్జాకి ఐదో నెల మేస్త్రీ. ఈ చలిలో ఎక్కడికి తీసుకెళ్ళను?"

"ఆ కడుపు నా వల్ల వచ్చింది కాదుగా" అన్నాడు క్యూబిట్.

బండికి అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. రూబెన్ ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాడు అనకపోవడంతో కెజయా తలెత్తి చూసింది. అందుకే చూసింది. మిగతావాళ్ళు వంగి దుంపలు పీకుతున్నారు.

"అయితే మీ దుంపలు మీరే నరుక్కోండి" అన్నాడు రూబెన్. అతని చెయ్యి లేచింది. కత్తి బండి చక్రం ఇనప పట్టాకు ఖంగుమని తగిలి, గిర్రున తిరుగుతూ పక్కకు ఎగిరింది. క్యూబిట్ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. తన తొడ కేసి చూసుకున్నాడు, ఎవరో వెనక నుంచి పిలిచినట్టు తిరగబోయాడు, పడిపోయాడు.

అతన్ని భుజాన వేసుకుని బండి ఎక్కించింది రూబెనే. రోడ్డు మీద పెద్దగా ఏడ్చిందీ అతనే. కానిస్టేబులు వచ్చి అడిగినప్పుడు "నేనే చంపాను" అన్నదీ అతనే.

కానిస్టేబులు పేరు ప్రెంటిస్. బర్మింగ్‌హామ్ నుంచి వచ్చి నాలుగు నెలలయింది. ఎవర్నీ కసిరేవాడు కాదు, చెడ్డవాడు కాదు. ఆ మధ్యాహ్నం కెజయా వంటింట్లో కూర్చుని, టీ తాగి, పుస్తకం తెరిచాడు. ఆమె చేతులు ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో ఎరుపు పోలేదు. బల్ల కింద దాచుకుంది.

"మీరు చూసింది చూసినట్టు చెప్పండి మిసెస్ డాక్. తొందరేం లేదు."

"ఎడ్గార్ ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. రూబెన్‌కి మండింది. కత్తి అటు హల్ చేశాడు."

"అటు అంటే? క్యూబిట్ ఉన్న వైపేనా?"

"క్యూబిట్ బండి దగ్గరే కదా ఉన్నాడు. ఆ వైపే."

ప్రెంటిస్ రాసుకున్నాడు. మార్ల్‌బీలో చేతిలోంచి ఏది వదిలినా హల్ చెయ్యడమే. పొయ్యిలోకి కట్టె హల్ చేస్తారు, కోళ్ళకు గింజలు హల్ చేస్తారు, కంపుకొట్టే చేపను వీధిలోకి హల్ చేస్తారు. అవతలివాడు పట్టుకునేలా ఎగరేస్తే మాత్రం కాప్ చెయ్యడం. ఈ రెండు మాటలతో ఆ ఊరివాళ్ళకు జీవితాలు గడిచిపోయాయి. ప్రెంటిస్ రాసింది చదివి వినిపించినప్పుడు అందులో 'హర్ల్' అని వినబడింది. తమ మాటనే పట్నం మనిషి నాలుక మడతపెట్టి పలుకుతున్నాడనుకుంది కెజయా. సంతకం చేసింది.

పది రోజుల తర్వాత పత్రికలో పడింది. దుకాణంలో పప్పులు కడుతున్నావిడ పైకి చదివింది: 'మేస్త్రీ ఉన్న దిక్కుగా నిందితుడు మారణాయుధాన్ని విసిరికొట్టాడని ప్రత్యక్ష సాక్షి అయిన వితంతువు పోలీసులకు చెప్పింది. హత్యానేరం మోపారు.'

"నేనలా అనలేదే" అంది కెజయా.

"నువ్వు అన్నావనే రాశారు మరి" అంది ఆవిడ. మూలన థర్జా నిలబడి ఉంది. చేతిలో సబ్బుబిళ్ళ. దాన్ని బల్ల మీద పెట్టేసి, ఏమీ కొనకుండా బయటికి వెళ్ళిపోయింది.

కెజయా నేరుగా బడికి వెళ్ళింది. టీచరు మిస్ లార్టర్ ఆ ఊరిపిల్లే, కాలేజీ చదువు చదివి తిరిగొచ్చింది. పిల్లలు వెళ్ళిపోయిన గదిలో కాళ్ళు పట్టని చిన్న బెంచీ మీద కెజయాని కూర్చోబెట్టి పెద్ద డిక్షనరీ దించింది.

"హర్ల్ అంటే ఏమిటో చూడు. ఒంట్లో బలమంతా పెట్టి, దెబ్బ తగలాలని విసరడం. ఈటె విసిరినట్టు."

"హల్ అంటే అది కాదుగా."

"కాదు. అది నీకు తెలుసు, నాకు తెలుసు. ఇవన్నీ ఒకలాగే కనబడతాయి కెజీ, కానీ కాదు. టాస్ అన్నామనుకో, తేలిగ్గా, పెద్దగా పట్టించుకోకుండా ఎగరెయ్యడం. టోపీని కుర్చీలోకి టాస్ చేస్తాం. లాబ్ అంటే ఎత్తుగా, నెమ్మదిగా వెళ్ళి పడేలా వెయ్యడం. ఫ్లింగ్ అంటే కోపమో విసుగో వచ్చి గిరాటెయ్యడం. ఎక్కడ పడుతుందో చూసుకోం. హర్ల్‌లో కోపమూ ఉంటుంది, గురీ ఉంటుంది."

"మరి థ్రో?"

"థ్రో అన్నిటికీ పెద్ద. ఎంత బలంగానో, ఎందుకో అది చెప్పదు. అందుకే ఎవరికైనా పనికొస్తుంది. ఇంకోటి చూడు. 'నీకు థ్రో చేశాను' అంటే నువ్వు పట్టుకోవడానికి. 'నీ మీదికి థ్రో చేశాను' అంటే నీకు తగలడానికి. మధ్యలో చిన్న మాట మారితే చాలు."

కెజయా ఆ పేజీ మీద వేలు పెట్టింది. "హల్ అని ఉందా అందులో?"

మిస్ లార్టర్ పేజీలు తిప్పింది. "ఉంది. గింజ మీది పొట్టు అని. ఓడ అడుగు భాగం అని. మన హల్ లేదు."

"మనం రోజూ అంటున్నామే."

"మనం అంటే చాలదు కదే."

ప్రెంటిస్ ఇంటి గడప దగ్గర ఆమె ఎంత చెప్పినా అదొక వెర్రి ఆటలా అయింది.

"హర్ల్ అనే అన్నారు మీరు, మిసెస్ డాక్."

"హల్ అన్నాను."

"ఇప్పుడూ అదే అంటున్నారు కదండీ!"

"అది కాదయ్యా. హల్. హల్! నీ భార్యని పిలు. ఆమెకు గిన్నె కడిగిన నీళ్ళు బయటికి హల్ చెయ్యమని చెప్పు, ఏం చేస్తుందో చూడు."

"మా ఆవిడది కూడా బర్మింగ్‌హామే" అన్నాడతను. అప్పుడు అతనికి అర్థమైంది. ముఖం తెల్లబోయింది. పుస్తకం తెచ్చి తన రాత తనే చూసుకున్నాడు. "పై ఆఫీసుకి వెళ్ళిపోయింది కాగితం. మీ సంతకం ఉంది దాని మీద. కోర్టులో మీరు చెప్పండి. నన్ను అడిగితే నేనూ చెబుతాను. ఒట్టు."

"దీనికి ఉరి వేస్తారా?"

"హత్య అని తేలితే వేరే శిక్ష లేదండీ" అన్నాడు ప్రెంటిస్.

విచారణ జనవరి మూడోవారంలో, నగరంలోని పెద్ద కోర్టులో. ఊరి నుంచి బస్సులో తొమ్మిదిమంది వెళ్ళారు. క్యూబిట్ భార్య నల్లబట్టల్లో ముందు వరసలో కూర్చుంది, ఇద్దరు కూతుళ్ళతో. ఆవిడ్ని చూసి కెజయా తల దించుకుంది. ఆవిడకీ న్యాయం కావాలి. ఎవరు కాదనగలరు?

రూబెన్ బోనులో చిక్కిపోయి ఉన్నాడు. అతన్ని అడిగారు. "బండి మీదికి హల్ చేశానండీ" అన్నాడు. ప్రభుత్వ న్యాయవాది చిన్నగా తలూపి, "హర్ల్ చేశానని తానే ఒప్పుకున్నాడు" అన్నాడు. రూబెన్ దిక్కులు చూశాడు. తన మాట తన నోటి దగ్గరే ఎలా మారిపోయిందో అతనికి అర్థం కాలేదు.

ప్రెంటిస్‌ని ఒకే ప్రశ్న అడిగారు. చదివి వినిపించినప్పుడు సాక్షి అభ్యంతరం చెప్పిందా? లేదన్నాడు. "కానీ అయ్యా, నేను బర్మింగ్‌హామ్ వాణ్ణి, ఇక్కడి మాట..." అని మొదలుపెట్టాడు. అడిగిందానికే జవాబు చెప్పమన్నాడు జడ్జి. ప్రెంటిస్ చెవులు ఎర్రబడ్డాయి. దిగి వెళ్ళిపోయాడు.

తర్వాత కెజయా. చర్చికి వేసుకునే కోటు, అరువు తెచ్చుకున్న ఊలు చేతితొడుగులు. రూబెన్ తరఫు న్యాయవాది కుర్రాడే, మిస్ లార్టర్ అతనికి ముందే ఉత్తరం రాసింది. అతను ఆమె చేత మెల్లగా చెప్పించాడు. తమ ఊళ్ళో హల్ అంటే పడెయ్యడం, పారెయ్యడం, వదిలెయ్యడం అని. కట్టెను పొయ్యిలోకి, గింజలను కోళ్ళకు. జ్యూరీలో ఎర్రటి మొహాల రైతులు ఇద్దరు తలలూపడం కెజయా చూసింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. థర్జా కూడా చూసింది. కోర్టు గదిలో అంతసేపట్లో మొదటిసారి థర్జా తలెత్తి కెజయా కళ్ళలోకి చూసింది.

అప్పుడు ప్రభుత్వ న్యాయవాది లేచాడు. తొందర లేదు అతనికి.

"మిసెస్ డాక్, మీ మాట నాకు నచ్చింది. నేర్చుకోవాలనుంది. కోళ్ళకు గింజలు వేస్తే హల్. మరి కోపమొచ్చి పలక గోడకేసి కొడితే ఏమంటారు మీ ఊళ్ళో?"

"హల్ అనే అంటామండీ."

"కుక్క మీదికి రాయి వేస్తే?"

"హల్."

"అంటే మీ మాట బలం ఎంతో చెప్పదు. సరే. మాటతో పని లేదు. ఆ రోజు నిందితుడు ఎలా చేశాడో చూపించండి. మీ చేతితొడుగు ఉంది కదా, దానితో."

కెజయా కుడిచేతి తొడుగు తీసి పట్టుకుంది. అది చాలా తేలిగ్గా ఉంది. వేళ్ళు వదిలేస్తే చాలు, కాళ్ళ దగ్గర మెత్తగా పడుతుంది. అందరూ అదే చూస్తారు. రూబెన్ ఇంటికొస్తాడు. ఆమెకు తెలుసు, ఆ ఒక్క క్షణంలో అన్నీ తెలుసు. పొలంలో తను తలెత్తి చూసినప్పుడు ఆ చెయ్యి ఎక్కడిదాకా లేచిందో కూడా తెలుసు. బైబిలు మీద పెట్టిన చెయ్యి ఇంకా చల్లగానే ఉంది. ముందు వరసలో క్యూబిట్ చిన్న కూతురు నోరు తెరుచుకుని ఆమెనే చూస్తోంది.

కెజయా చెయ్యి భుజం మీదికి లేపింది. బలంగా విసిరింది. తొడుగు రెండు బల్లలు దాటి గుమాస్తా కాగితాల మధ్య పడింది. సిరా బుడ్డి ఒరిగింది.

ఎవరూ నవ్వలేదు.

"దీన్నీ హల్ అంటారా?" అని అడిగాడు న్యాయవాది, మెత్తగా.

"దీన్నీ అంటామండీ."

"మిగతా ఇంగ్లండు దీన్ని హర్ల్ అంటుంది. పాపం, కానిస్టేబులు తప్పేమీ రాయలేదు."

"కానీ ఎడ్గార్ మీదికి కాదు!" అని అరిచింది కెజయా. "విసిరాడు. గట్టిగానే విసిరాడు. ఆ మనిషి మీదికి కాదు!"

"అతని మనసులోకి తొంగి చూశారా మీరు?"

"నాకు తెలుసు" అంది. ఎలా తెలుసో చెప్పలేకపోయింది. న్యాయవాది కూర్చున్నాడు. దిగొచ్చేటప్పుడు థర్జా ముఖం చూడాలనిపించలేదు. చూసింది. థర్జా రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని నేలకేసి చూస్తోంది.

జ్యూరీ మూడు గంటలు తీసుకుంది. హత్య కాదన్నారు. చంపాలని చేసింది కాకపోయినా చంపడమే అన్నారు. జడ్జి పదేళ్ళ కఠిన శిక్ష వేశాడు. ఉరి తప్పినందుకు ఎవరో 'దేవుడా' అన్నారు. రూబెన్ ఆ పదేళ్ళు అన్న మాట విన్నట్టు లేదు. "థర్జాని ఎవరైనా ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు. అంతలోనే అతన్ని కిందికి దింపేశారు.

బస్సులో కెజయా పక్కన ఎవరూ కూర్చోలేదు. అద్దం మీద వాన జారుతోంది. ఊరు ఇంకా ఐదు మైళ్ళుందనగా ఆమెకు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా సరికాదు, ఎప్పుడూ మరిచిపోలేదు, ఎవరూ అడగలేదంతే. కత్తి చేతిలోంచి వదిలేటప్పుడు రూబెన్ కళ్ళు ఎక్కడున్నాయి? చక్రం మీద. క్యూబిట్ కేసి అతను చూడనే లేదు. ఆ మాట మాట్లాడిన మనిషి మొహం చూడలేక బండి కేసి తిరిగి, చక్రం మీద కసి తీర్చుకున్నాడు. మనసులోకి తొంగి చూశారా అని అడిగినప్పుడు చెప్పాల్సిన జవాబు అదే. 'మనసులోకి చూడలేదండీ, కళ్ళలోకి చూశాను.' ఎంత బలం, ఏ మాట, ఎవరి యాస అంటూ పొద్దుటి నుంచీ అందరూ కొట్టుకున్నారు. ఎటు చూశాడని ఒక్కరూ అడగలేదు. తనకూ తట్టలేదు.

"ఆపండి" అంది లేచి నిలబడి. "బస్సు ఆపండి. వెనక్కి వెళ్ళాలి నేను."

"కూర్చో కెజీ" అన్నారెవరో. "కోర్టు మూసేశారు."

మర్నాడు కుర్ర న్యాయవాది దగ్గరికి వెళ్ళింది. అతను శ్రద్ధగా విని, రాసుకుని, పై కోర్టుకి పంపాడు. మార్చిలో జవాబొచ్చింది. సాక్షి తన అభిప్రాయాన్ని కోర్టులోనే చెప్పుకుంది, ఇందులో కొత్త విషయమేమీ లేదు అని.

థర్జా క్రిస్మస్‌కి ముందే ఇల్లు ఖాళీ చేసి పొరుగూళ్ళో అక్క దగ్గరికి చేరింది. ఏప్రిల్‌లో ఆడపిల్ల పుట్టింది. ఈ సంగతులు కెజయాకి ఇతరుల నోటే తెలిశాయి. ఊళ్ళో సగంమంది ఆమెను పలకరించడం మానేశారు. "తొడుగు మెల్లగా వదిలితే ఏం పోయింది?" అని ముఖం మీదే అడిగినవాళ్ళున్నారు. మిగతా సగం, క్యూబిట్ వైపువాళ్ళు, మొదట అబద్ధం చెప్పబోయిందన్నారు. తర్వాతి చలికాలం దుంపల పనికి ఆమెను పిలవలేదు. కొత్త మేస్త్రీ కారణం చెప్పలేదు, ఆమె అడగలేదు. రేవులో హెర్రింగ్ చేపలు కోసే పనికి వెళ్ళింది. ఉప్పు వేళ్ళ చీలికల్లోకి దిగి మండేది.

రూబెన్ రెండో చలికాలంలో జైల్లో పోయాడు. ఊపిరితిత్తులు. ఎక్కడో పడమటి బీడుభూముల్లో, రాళ్ళు కొట్టించే జైలు. అక్కడే పూడ్చారు.

ఆ కబురు వచ్చిన మూడు వారాలకు, ఒక ఆదివారం మధ్యాహ్నం, థర్జా కెజయా ఇంటి తలుపు తట్టింది. భుజాన పిల్ల నిద్రపోతోంది. ఐదు మైళ్ళు నడిచి వచ్చినట్టుంది, బూట్ల నిండా బురద. కెజయా తలుపు పూర్తిగా తెరిచి పక్కకు జరిగింది. థర్జా లోపలికొచ్చింది గానీ కూర్చోలేదు.

"నీతో మాట్లాడనని ఒట్టేసుకున్నాను" అంది.

"తెలుసు."

"ఆయన కడసారి ఉత్తరంలో నీ గురించి రాశాడు. కెజీని ఏమీ అనొద్దు, తను చూసిందే చూపించింది, నా చెయ్యి అంత ఎత్తే లేచింది అని. చదివి చింపేశాను. ఆయనకు కోపం రాలేదేమిటని నాకు కోపమొచ్చింది."

కెజయా కెటిల్ పొయ్యి మీద పెట్టబోయింది.

"టీ వద్దు. లాయరు దగ్గరికి వెళ్ళావట. ఏదో చెప్పావట. ఏం చెప్పావు?"

"ఆలస్యంగా చెప్పాను."

"నాకు చెప్పు."

"కత్తి వదిలినప్పుడు రూబెన్ చక్రం కేసి చూస్తున్నాడు. ఎడ్గార్ కేసి కాదు."

"నువ్వు చూశావా? నన్ను ఊరడించడానికి కాదుగా?"

"ఊరడించే మనిషినైతే తొడుగు కాళ్ళ దగ్గరే పడేసేదాన్ని కదే అమ్మాయ్."

థర్జా గట్టిగా ఊపిరి తీసింది. అది ఏడుపో, నవ్వో కెజయాకి తెలియలేదు. పిల్ల కదిలితే వీపు మీద తట్టింది. తర్వాత గోడవారన ఉన్న కుర్చీ లాక్కుని, కోటు కూడా విప్పకుండా కూర్చుంది.

"దీనికి మాటలొస్తే బళ్ళో చెప్తారు, మీ నాన్న మనిషిని చంపాడని. నేను కాదంటే, పెళ్ళాం అంతకన్నా ఏం చెబుతుందిలే అంటారు. నువ్వే చెప్పాలి దీనికి."

"అప్పటికి నేనుంటానో లేదో."

"అయితే ఇప్పుడే చెప్పు."

"నిద్రపోతోంది కదా."

"పోనీ. నేను వింటాను. తర్వాత నీ మాటలు నీ మాటలుగానే చెప్తాను. ఒక్కటీ మార్చను. మొదటి నుంచీ చెప్పు. పొద్దున్నుంచీ."

కెజయా పొయ్యి దగ్గర్నుంచి వచ్చి ఎదురుగా కూర్చుంది. చేపల ఉప్పుకు పగిలిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పిల్ల చెంప థర్జా భుజానికి నొక్కుకుని ఉంది, నోటి పక్కన చొంగ కారుతోంది. రూబెన్ గడ్డం, రూబెన్ చెవులు.

"ఆ రోజు బాగా మంచు పట్టింది" అని మొదలుపెట్టింది కెజయా. "మీ నాన్న నా రొట్టె మీద జోకులేస్తున్నాడు."